కిటికీ గూట్లో ప్లేటు

సిద్దిపేట,
14 జూన్ 2024

తన్మయీ,

క్షేమంగా చేరాను. బస్సులో పక్కసీటావిడ గజ్వేల్ దాకా తన కోడలి గురించి చెప్పింది. ఆవిడ కూర్చున్నది నా కుడిపక్కన, నాకు కుడిచెవి వినపడదు. ప్రయాణం హాయిగా జరిగింది. వీణ మళ్ళీ ఉద్యోగంలో చేరి కుదురుకునే దాకా, అంటే వచ్చే ఉగాది దాకా, మనవరాలిని చూసుకుంటూ కూతురింట్లోనే ఉంటాను.

ఫోన్ చేయకు, వినపడదు. వాట్సాప్ అసలే వద్దు. ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో జీతం తీసుకున్నదాన్ని, నాకు కబురంటే ఉత్తరమే.

మన ఒప్పందం మరోసారి రాస్తున్నాను. మీ నాన్న నిన్ను అశోక్‌నగర్ హాస్టల్లో వేస్తానన్నాడు. గదికి ఆరుగురు, ఆరుగురికీ ఒక కిటికీ. నేనే తమ్ముడికి అడ్డుపడి నా చిక్కడపల్లి ఇంటి తాళం నీ చేతిలో పెట్టాను. అది గ్రూప్స్ చదువు కోసం ఇచ్చిన తాళం కాదు, తోట కోసం ఇచ్చింది. తోటను చూసుకునేవాళ్ళ దగ్గరే తాళం ఉంటుంది. నేను వచ్చేసరికి తోట ఎండితే నువ్వు హాస్టల్‌కి.

మాసమ్మ ఎప్పటిలాగే కవాడిగూడ నుంచి ఎనిమిదింటికి వస్తుంది. ఇంటిపని, అంట్లు ఆమెవి. ఆమె పింగాణీ ప్లేటూ కప్పూ పెరటి కిటికీ గూట్లో బోర్లించి ఉంటాయి. మన స్టీలు సామానుతో కలపకు. ఇందులో ఎక్కువ తక్కువలు ఏమీ లేవు, శుభ్రత కోసం.

మొక్కల గురించి ప్రతి ఉత్తరంలో రాయాలి. కవరు మీద పిన్‌కోడు మరిచిపోకు.

దీవెనలతో
అత్త అరుంధతి


చిక్కడపల్లి,
2 జూలై 2024

అత్తమ్మా,

పిన్‌కోడు రాశాను, కవరు తిప్పి చూసుకో.

నీ తోట క్షేమం. శంఖుపూల తీగ పందిరి దాటి పక్కింటివాళ్ళ డిష్ యాంటెన్నా పట్టుకుంది. వాళ్ళ సీరియల్‌కి అడ్డమొస్తోందట. దానిమ్మ పూత మీద ఉంది. పారిజాతానికి రోజూ నీళ్ళు పోస్తున్నాను.

కోచింగ్ గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. హాల్లో మూడు వందల మందిమి. సారు ముందువాళ్ళకు మనిషిగా, వెనకవాళ్ళకు టీవీలో కనిపిస్తాడు. నా పక్కన కూర్చునే రచనకు ఇది నాలుగో ఏడు. ఆమె నోట్సు జిరాక్సులు అశోక్‌నగర్ హాస్టళ్ళన్నిట్లో ఉన్నాయి. వాటిని చదివి ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి. ఆమె మూడో నోట్సు రాస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఐదు నెలలుగా నారాయణగూడలో ఒక మేడం దగ్గర పింగాణీ పని నేర్చుకుంటున్నాను. కుమ్మరి సారె మీద గిన్నెలు తిప్పడం, రంగులేయడం, కాల్చడం. నీ వెనక సామాన్ల గదిలో ఒక చిన్న కరెంటు బట్టీ పెట్టించాను. పొగ రాదు. నీ తోటలోని ప్రతి రుతువుకూ ఒక ప్లేట్ల సెట్టు చేయాలని ఉంది. ఇది తప్ప ఇంకేదీ నన్ను రెండు గంటలు కూర్చోబెట్టలేదని నీకు తెలుసు.

నాన్నకు చెప్పవు కదా?

నీ మేనకోడలు, కాబోయే ఆఫీసరు అని నాన్న చెప్పుకునే
తన్మయి


సిద్దిపేట,
11 జూలై 2024

తన్మయీ,

మీ నాన్నకు చెప్పను. ఉత్తరంలో ఉన్నది ఇంకొకరికి చెప్పకపోవడం మా శాఖ ధర్మం.

కానీ పింగాణీ ఏమిటి? మన ఇంట్లో పింగాణీకి రెండే పనులు. ఆవకాయ జాడీ ఒకటి, మాసమ్మ ప్లేటు ఒకటి. ఎవరైనా కూర్చుని అందులో అన్నం తింటారా? పళ్ళేనికి పూలెందుకు, కూర వేస్తే కనపడవు గదా?

బట్టీ ఉండనీ. తోట పచ్చగా ఉన్నంతకాలం నీ గదిలో నువ్వు ఏం కాల్చుకున్నా నాకు అభ్యంతరం లేదు. శంఖుపూల తీగను యాంటెన్నా మీద నుంచి మెల్లగా విప్పు, తెంపకు.

అత్త


చిక్కడపల్లి,
29 ఆగస్టు 2024

అత్తమ్మా,

వానాకాలం సెట్టు బట్టీలోంచి దిగింది. తొమ్మిది పెడితే నాలుగు నిలిచాయి. ఈ మట్టికి పొగరెక్కువ. చేసేటప్పుడు వెన్నలా ఉంటుంది, కాలేసరికి రూపాయికి రెండణాలు చిన్నదైపోతుంది. రేపు ఎంత కావాలో ఇవాళ అంతకన్నా పెద్దది చేయాలి. రంగులు ఇంకా అన్యాయం. శంఖుపువ్వు నీలం కావాలంటే మసిలాంటి నల్లరంగు పూయాలి. పన్నెండు వందల యాభై డిగ్రీల దగ్గర అది మనసు మార్చుకుని నీలమవుతుంది.

మాసమ్మ నాకు పెద్ద పరీక్షాధికారి. మొదటి ప్లేటు చూసి, "ఏంది బిడ్డా గిది? శంఖుపువ్వు గిట్ల నవ్వుకుంట ఉండది. జర వంగి, సిగ్గువడ్డట్టు ఉంటది" అంది. వెళ్ళి చూస్తే నిజమే. మళ్ళీ వేశాను. అది అశోక్‌నగర్‌లో ఉంటే ప్రిలిమ్స్‌లోనే నన్ను తీసేసేది.

సారె కింద బకెట్‌లో మిగిలిన మట్టినీళ్ళు కూడా అదే పారబోస్తుంది. నన్ను ముట్టనివ్వదు. "నీకు తెల్వది, పక్కకు జరుగు" అంటుంది. దాని సరదా ఎందుకు కాదనాలి?

తోట కళకళలాడుతోంది. నా చేతి చలవ అనుకుంటున్నాను.

తన్మయి


సిద్దిపేట,
20 సెప్టెంబరు 2024

తన్మయీ,

నీ చేతి చలవ విని సంతోషం. నాకు ఇక్కడ మూడో అంతస్తు. మట్టి అంటే బుజ్జిది తినే మట్టే. తోట తలుచుకోవడమే నా తోటపని.

ఈ నెలలో తెల్లవారేసరికి పారిజాతాలు నేల మీద పరుచుకుని ఉంటాయి. తెల్లటి రేకులు, పగడం రంగు కాడ. వాటిని తొక్కకుండా నడవాలని కాళ్ళు పక్కలకు వేసి కొంగలా నడిచేదాన్ని. అది వేయి ఒక ప్లేటు మీద.

దసరా వస్తోంది. మాసమ్మ ముప్పై ఏళ్ళుగా మన ఇంటి మనిషి. ఈసారి నేను లేను కాబట్టి ఏదైనా మంచిది, మనసుకు నచ్చేది ఇవ్వు. చీర ఎప్పుడూ ఇచ్చేదే.

అత్త


చిక్కడపల్లి,
21 అక్టోబరు 2024

అత్తమ్మా,

నాకు ఒక విషయం అర్థం కావడం లేదు.

నువ్వు చెప్పినట్టే పారిజాతం ప్లేటు చేశాను. పదకొండు పాడయ్యాక ఒకటి వచ్చింది. ఆ తెలుపు, ఆ కాడ రంగు, నేను ఇంతవరకు చేసిన వాటిలో అంత మంచిది లేదు. నారాయణగూడ మేడం దాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుని వెలుతురు చూసి, తనకివ్వమని అడిగింది. ఇవ్వలేదు. సద్దుల బతుకమ్మ నాడు మాసమ్మ కోసం దాచాను.

గూట్లో ఉన్న పాత ప్లేటు అంచు పగిలి, మధ్యలో గీతలు పడి ఉంది. దాన్ని పారేశాను. మాసమ్మ చూస్తుండగానే పారేశాను. ముఖం వెలిగింది. అప్పుడు కొత్తదాంట్లో ప్రసాదం మలీద ముద్దలు పెట్టి ఇచ్చి, "ఇది నీకోసమే చేశాను. ఇక నుంచి నీ ప్లేటు ఇదే. ఇంకెవరూ ముట్టుకోరు" అన్నాను.

మాసమ్మ ప్లేటు వైపు చాలాసేపు చూసింది. తిన్నది. కడిగింది. తుడిచి గూట్లో బోర్లించింది. "మంచిగున్నది బిడ్డా" అని వెళ్ళిపోయింది. పండగ పోయి పదకొండు రోజులు, మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే పెయి బాగలేదంటుంది. పక్కన ఎవరితోనో నవ్వుతూనే ఆ మాట అంటుంది.

మంచిది ఇవ్వమన్నావు. ఇంతకంటే మంచిది నా దగ్గర లేదు.

తన్మయి


సిద్దిపేట,
2 నవంబరు 2024

తన్మయీ,

ఇందులో అర్థం కాకపోవడానికేముంది? అంత సున్నితమైనది చేతిలో పెడితే పగులుతుందని భయపడింది. నువ్వు పనితనం చూశావు, ఆమె బాధ్యత చూసింది. లేదా గాంధీనగర్ అపార్ట్‌మెంట్లవాళ్ళు పిలుచుకుని ఉంటారు, అక్కడ లిఫ్టు ఉంటుంది. ఒక చీర పంపించు, అదే వస్తుంది.

ఈలోపు మొక్కలు ఎండనివ్వకు. చలికాలం తోట మరీ అందం. నాకు చామంతులు గుర్తొస్తున్నాయి. బావి పక్కన వరుసగా, ఒక్కొక్కటి బుజ్జిదాని పిడికిలంత, ముద్ద పసుపు. పొద్దున మంచు పట్టి తలలు వాల్చేవి, ఎండ రాగానే లేచేవి. తోట ఎలా ఉందో రాయి.

అత్త


చిక్కడపల్లి,
8 డిసెంబరు 2024

అత్తమ్మా,

చీర పంపాను. తిరిగొచ్చింది, మడత విప్పకుండా. నీ శాఖ భాషలో చెప్పాలంటే, చిరునామాదారు తీసుకోలేదు.

తోట బ్రహ్మాండంగా ఉంది. బావి పక్కన చామంతులు విరగబూశాయి. నువ్వు రాసినట్టే పిడికిలంత, ముద్ద పసుపు. పొద్దున్నే కాఫీ తీసుకుని బావి గట్టు మీద కూర్చుని వాటిని చూస్తూ చలికాలం సెట్టు వేస్తున్నాను. నారాయణగూడలో వచ్చే నెల మేడం చిన్న ప్రదర్శన పెడుతోంది. నా ప్లేట్ల పక్కన 'తోట నుంచి బల్ల మీదికి' అని కార్డు పెడుతుందట. తోటలో కూర్చుని పనిచేస్తున్న ఫొటో కూడా అడిగింది. ఇంకా ఇవ్వలేదు.

తీరిక లేక ఇంతే రాస్తున్నాను.

తన్మయి


చిక్కడపల్లి,
12 జనవరి 2025

అత్తమ్మా,

పార్సిల్ పంపుతున్నాను. ఇందులో చామంతి ప్లేటు నీది. ప్రదర్శనలో అందరూ దాని దగ్గరే ఆగారు. ఒకావిడ, "ఇది తోటలో కూర్చుని చూస్తూ వేసిందని వెంటనే తెలిసిపోతోంది" అంది. ఆవిడ చిత్రలేఖనం నేర్పుతుందట.

వదినకూ బుజ్జిదానికీ ముద్దులు.

తన్మయి


సిద్దిపేట,
22 జనవరి 2025

తన్మయీ,

ప్లేటు పగలకుండా చేరింది. మా శాఖవాళ్ళు ఈమధ్య జాగ్రత్తగా మోస్తున్నారు. వీణ దాన్ని గోడకు తగిలిస్తానంటోంది. నేను ఒళ్ళో పెట్టుకుని అరగంట కూర్చున్నాను. చాలా బాగుంది. రేకుల చివర మంచు బరువు కూడా వేశావు.

ఒక్క సందేహం. ఆ చామంతులు మెదక్‌లో మా అమ్మగారింటివి. నాకు పన్నెండేళ్ళప్పటివి. చిక్కడపల్లి ఇంట్లో చామంతి ఎప్పుడూ లేదు. అక్కడ బావి ఎక్కడుంది? నువ్వు ఏ గట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నావు?

తోట ఎన్నాళ్ళయింది పోయి?

అరుంధతి


చిక్కడపల్లి,
9 ఫిబ్రవరి 2025

అత్తమ్మా,

నవంబరు చివర పోయింది.

మాసమ్మ రాకపోయాక నేనే నీళ్ళు పోశాను. సారె కింద మట్టినీళ్ళు రోజుకు రెండు బకెట్లు వృథా అవుతున్నాయని అవి కూడా కుండీల్లో, పాదుల్లో పోశాను. పొదుపు అనుకున్నాను. పింగాణీ మట్టి నేల మీద పొరలు పొరలుగా గట్టిపడి సిమెంటయింది. పైన నీళ్ళు నిలిచాయి, కింద వేళ్ళు ఎండాయి. శంఖుపూల తీగ యాంటెన్నా మీదే ఎండిపోయింది, పక్కింటివాళ్ళకు ఇప్పుడు సీరియల్ బాగా వస్తోంది. మందారాలు పోయాయి. దానిమ్మ మోడు. నీ తోటను చంపింది కరువు కాదు, నా ప్లేట్లు. ఆ తోట ప్లేట్లనే నారాయణగూడలో అందరూ మెచ్చుకున్నారు.

నీకు చెబితే తాళం పోతుంది, బట్టీ పోతుంది, మళ్ళీ మూడు వందల మందిలో కూర్చోవాలి. అందుకని నీ ఉత్తరాలు చూసి తోట వేశాను. బావి లేదని తెలిసీ, నువ్వు రాసిందే తిరిగి రాస్తే అనుమానం రాదనుకున్నాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు కవాడిగూడ వెళ్ళాను. మాసమ్మ ఇంట్లో రెండు గదులు, గోడకు ఒక స్టీలు స్టాండు. అందులో ప్లేట్లు వరసగా, అద్దాల్లా. ఒక్కోదాని మీద ఒక్కో పేరు చెక్కించి ఉంది. కొడుకు, కోడలు, మనవలు. నాకు స్టీలు గ్లాసులో చాయ్ ఇచ్చింది. నేను తాగుతూ మొక్కలు పోయాయని చెప్పాను. తలమీద చేయి పెట్టుకుంది.

"ఆ తెల్లనీళ్ళు పోసినవా? అయ్యో. నేను డ్రమ్ముల పోసి తెల్లారిదాంక తేర్చి, పైనీళ్ళే పోస్తుంటి గదనే. అడుగుది బయట పారేద్దును. ముప్పై ఏండ్ల సంది ఆ మొక్కలు జూస్తున్నది నేనే గద."

"నాకెప్పుడూ చెప్పలేదు కదా మాసమ్మా?"

"నువ్వడిగినవా?"

అప్పుడు అడిగాను, ఎందుకు మానేశావని. కోడలు లోపలికి వెళ్ళాక చెప్పింది. విన్నది విన్నట్టే రాస్తున్నాను.

"ముప్పై ఏండ్లు గూట్ల ప్లేటుల తిన్న. పోస్టాఫీసమ్మకు అలవాటు, నాకూ అలవాటు, ఇగ మా ఇద్దరి లొల్లి అయిపోయింది. నువ్వు సదువుకున్నదానివి. ఆ పొద్దు పాత ప్లేటు ఇసిరేస్తివి. నా పానం లేసొచ్చింది. ఇయ్యాల్టికెల్లి ఈ పిల్ల లోపలి ప్లేటుల పెడ్తది అనుకున్న. నువ్వేమో అదే గూట్లకు ఇంకోటి జేస్తివి. పువ్వులేసి మరీ జేస్తివి. ఇంకెవ్వలు ముట్టరంటివి."

గ్లాసులో చాయ్ చల్లబడిపోయింది, అయినా తాగేశాను.

"గంత మంచిగ జేసినవు గద బిడ్డా, తిట్టనీకి గూడ రాలే" అంది.

ఇక నీ ఇష్టం. సామాను సర్దుతున్నాను. బట్టీ మాత్రం నలుగురు పట్టాలి.

తన్మయి


సిద్దిపేట,
20 ఫిబ్రవరి 2025

తన్మయీ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. మొదటిదాంట్లో శుభ్రత గురించి రాశాను. మన ఇంట్లో స్టీలు గిన్నెలన్నీ ముప్పై ఏళ్ళుగా తోమినది మాసమ్మ చేతులే అని సగంలో గుర్తొచ్చింది. ఆపేశాను. రెండోదాంట్లో మా అమ్మ, మా అత్తగారు ఏం చేసేవారో రాశాను. అది చిరునామా తప్పు. మూడోది ఏడుపు.

ఇది ఇన్లాండ్ కాగితం. ఇందులో పట్టినంతే రాస్తాను. కవరు కొంటే ఎక్కువ రాయాలి, అంత ధైర్యం లేదు.

తోటను చూసుకునేవాళ్ళ దగ్గరే తాళం అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. నా తోటను ముప్పై ఏళ్ళుగా చూసుకుంటున్నది ఎవరో నాకు సిద్దిపేట వచ్చాక, అదీ తోట పోయాక తెలిసింది. చలవ నా చేతిదనే అనుకున్నాను, నీలాగే. తాళం తీసుకెళ్ళి మాసమ్మకు ఇవ్వు. నువ్వు ఉండాలా, హాస్టల్‌కి పోవాలా, బట్టీ ఉండాలా అన్నది ఆమె చెబుతుంది. ఆమె రానంటే తాళం నా దగ్గరికి పార్సిల్ చేయి. రిజిస్టర్డ్.

అటక మీద గోనెసంచిలో నా పెళ్ళినాటి స్టీలు ప్లేట్లు ఆరున్నాయి, నా పేరు చెక్కినవి. దింపు. ఒకటి ఆమెది.

ఉగాదికి వస్తున్నాను.

అత్త


చిక్కడపల్లి,
16 మార్చి 2025

అత్తమ్మా,

తాళం ఇచ్చాను. మూడు రోజులు కొంగుకు కట్టుకుని తిరిగింది, రానని అనలేదు, వస్తాననీ అనలేదు. నాలుగో రోజు ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. నేను తీయబోతే తనే బయటి నుంచి తాళంతో తీసుకుని లోపలికొచ్చింది. ఎప్పుడూ వచ్చే పెరటి తలుపు కాదు, వీధి తలుపు.

షరతులు చెప్పింది. మట్టినీళ్ళు డ్రమ్ములోనే. సారె ముట్టుకునే ముందు మొక్కలు ముట్టుకోవాలి. నోటిఫికేషన్ పడితే పరీక్ష రాయాలి, "రాస్తే పోయేదేంది, మీ నాయన జర ఊపిరి తీస్కుంటడు." బట్టీ ఉండొచ్చు. ఇద్దరం వారం రోజులు గడ్డపారతో నీ పాదుల్లో తెల్లమట్టి పెచ్చులు పెచ్చులుగా తీశాం. దానిమ్మ మోడుకు కింద ఒక చిగురు ఉంది. మందారాలు లేవు. పారిజాతం సంగతి వానలొస్తే గాని తెలియదంది.

నీ ప్లేట్లు దింపాను. మాసమ్మ ఒకటి తిప్పి చూసి, "అమ్మ పేరు మీద నేను తినుడేంది?" అని పక్కన పెట్టింది. ఇద్దరం చిక్కడపల్లి మార్కెట్‌కి వెళ్ళాం. స్టీలు కొట్టులో పదహారు ప్లేట్లు గోటితో కొట్టి చూసి ఒకటి తీసుకుంది. పేరు చెక్కే అతను మిషన్ పట్టుకుని, "ఎవరి పేరు అక్కా?" అంటే నా వైపు చూసింది. నేను చెప్పలేదు. తనే చెప్పింది. చెక్కుతున్నంతసేపూ ఒక్కో అక్షరం దగ్గర వంగి చూసింది, శంఖుపువ్వులాగా. ఆ ప్లేటు ఇప్పుడు వంటింటి స్టాండులో నా ప్లేటుకూ నీ ప్లేట్లకూ మధ్యలో ఉంది.

పారిజాతం ప్లేటు ఇంకా గూట్లోనే బోర్లించి ఉంది. ఏం చేయాలో తెలియక నేను ముట్టుకోలేదు. నిన్న మాసమ్మే దాన్ని తీసి, దుమ్ము కడిగి, ఎండలో పట్టుకుని చూసింది. ఉగాదికి నువ్వొస్తే నీకు ఏ ప్లేటులో పెట్టాలని అడిగాను.

"గీ పువ్వుల దాంట్ల పెడుదాం. మొక్కలు సచ్చిపాయె, గీడనన్న జూస్కుంటది" అంది. స్టాండు వైపు నడుస్తూ మళ్ళీ వెనక్కి తిరిగింది.

"లోపలనే పెడుదాం తియ్యి. గూట్ల వద్దు."

తాళం మాసమ్మ దగ్గరే ఉంది. వచ్చేముందు ఆమెకొక కార్డు రాయి. పిన్‌కోడు మరిచిపోకు.

తన్మయి